తత్వం మనకెందుకంటారా?

పప్పుకు తిరగమోత పెట్టి, పొయ్యి కట్టేసి, గడపమీద ఓ ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి. ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు, "ఏంటి, వేదాంతంలో పడ్డావా?" అని. అదే మగవాళ్లు కూర్చుంటే ఏదో ఆలోచిస్తున్నారంటాం. మనం కూర్చుంటే ఒంట్లో బాగాలేదేమోనని, ఎవరితోనో మాటా మాటా వచ్చిందేమోనని అనుమానం! ఆలోచించడం కూడా ఒక పనేనని, ఆ పనికి ఆడా మగా తేడా లేదని ఒప్పుకోవడానికి మనకే మొహమాటం.

నేను ప్రొద్దుటూరు కోడల్ని. పుట్టిల్లు జమ్మలమడుగు. మా ఆడబిడ్డను పులివెందులకిచ్చాం. పండగలకీ, మంచికీ చెడ్డకీ ఈ మూడు ఊళ్ల మధ్యా తిరగడం నాకు అలవాటు. మూడేళ్లుగా నా బస్సు సంచిలో చీర, టవలుతోపాటు ఇంకొకటి కూడా చేరింది. పడమటి దేశాల తత్వవేత్తల్ని పరిచయం చేసే పుస్తకాలు. వాళ్లు రాసిన అసలు గ్రంథాలనుకునేరు, అంత సాహసం చేయలేదు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ ప్రశ్న వేసుకున్నారు, ఏం జవాబు చెప్పుకున్నారు అని మామూలు మాటల్లో చెప్పే చిన్న పుస్తకాలు. వాటిని నేనొక్కదాన్నే చదువుకుని ఊరుకోలేదు. మూడు ఊళ్లలోనూ మా ఆడవాళ్ల మధ్య పెట్టాను. వాళ్లడిగిన ప్రశ్నలు విన్నాక, ఈ పుస్తకాల్ని మనం ఎలా చదవాలో కాస్త అర్థమైంది. అదే మీతో పంచుకుందామని.

తత్వం మనకు కొత్తా?

కడప జిల్లాలో 'తత్వం' అనగానే ముందు గుర్తొచ్చేది పాట. తంబుర మీటుతూ బ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్లను వినని ఊరు మా వైపు లేదు. బడి ముఖం చూడని మా అవ్వ కూడా మాటకు ముందో వేమన పద్యం చెప్పేది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌను ఆ పద్యాలను పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు. 'ఈ లోకమేంటి? మనమెవరం? ఏది మంచి?' అన్న ప్రశ్నలు మన వీధి అరుగుల మీద ఏనాటి నుంచో ఉన్నవే. పడమటివాళ్ల దగ్గర కొత్తవి పేర్లు, వాళ్లు జవాబు వెతికిన తీరు. అంతే!

తెలుగులో ఈ పేర్లు పరిచయం కావడానికి దారి వేసినవాళ్లూ ఉన్నారు. త్రిపురనేని గోపీచంద్ 'తత్వవేత్తలు' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 'ఎందుకు?' అని అడగడం నేర్పిన తండ్రికి తన 'అసమర్థుని జీవయాత్ర' నవలను అంకితమిచ్చిన మనిషి ఆయన. 'ఎందుకు' అన్న ఆ ఒక్క మాటలోనే తత్వశాస్త్రమంతా ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇక మా పులివెందుల వైపు పైడిపాలెంలో 1922లో పుట్టినాయన రాచమల్లు రామచంద్రారెడ్డి. రా.రా. అంటేనే ఎక్కువమందికి తెలుసు. మాస్కో వెళ్లి అక్కడ అనువాదకుడిగా పనిచేసి వచ్చారు. ఇతర భాషల్లోని మాటను తెలుగులోకి తేవడంలో ఎన్ని తిప్పలున్నాయో 'అనువాద సమస్యలు' పుస్తకంలో చర్చించారు. ఆ పుస్తకానికి 1988లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పరిచయ పుస్తకాలు చదివేవాళ్లకు ఈ తిప్పలు బాగా తెలుస్తాయి. ఇంగ్లీషులో 'రీజన్' అన్న ఒక్క మాటకు తెలుగులో ఒకరు హేతువంటారు, ఒకరు బుద్ధంటారు, ఇంకొకరు వివేకమంటారు. మూడూ ఒకటేనని తెలియక మనం మూడుచోట్ల తడబడతాం. 'నాకు అర్థం కావడం లేదు, నా బుర్ర ఇంతే' అనుకుని పుస్తకం మూసేసేది అక్కడే. తప్పు మన బుర్రది కాదమ్మా, మాటది!

ఐదు సెంట్ల పుస్తకం

పరిచయ పుస్తకాలంటే పండితులకు చిన్నచూపు. కానీ వాటిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నదాని పుట్టుక వినండి. విల్ డ్యురాంట్ అనే ఆయన న్యూయార్కులో కార్మికులకు సాయంత్రం పూట తత్వవేత్తల గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. పగలంతా ఒళ్లు విరుచుకుని పనిచేసి వచ్చినవాళ్లు నిద్రపోకుండా వినాలి కదా? అందుకే కథ చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఉపన్యాసాలు విన్న ఒక ప్రచురణకర్త వాటిని ఐదు సెంట్ల చిన్న పుస్తకాలుగా వేశాడు. అవన్నీ కలిపి 1926లో 'ది స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ'గా వచ్చి లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అలసిపోయిన మనుషుల కోసం పుట్టిన పుస్తకమన్నమాట. మనకంటే దానికి తగిన పాఠకులెవరు?

అయితే ఆ పుస్తకం విషయసూచిక చూడండి. ప్లేటో, అరిస్టాటిల్, బేకన్, స్పినోజా, వోల్టేర్, కాంట్, షోపెన్‌హోవర్, స్పెన్సర్, నీషే... ఆ తర్వాత ఆ కాలపు వాళ్లు. ఒక్క ఆడపేరు లేదు. తర్వాత డ్యురాంట్ రాసిన పెద్ద నాగరికతా చరిత్రకు ఆయన భార్య ఏరియల్ మొదటినుంచీ సాయం చేస్తూ వచ్చింది. ఆమె పేరు అట్టమీదికి ఎక్కింది మాత్రం ఏడో సంపుటం నుంచి, 1961లో!

మరి ఆడవాళ్లు లేని పుస్తకంతో మనకేం పని? ఈ ప్రశ్న నేను వేసింది కాదు. పులివెందులలో మా ఆడబిడ్డ కూతురు వేసింది.

"ఈయప్ప పుస్తకం నేనెందుకు చదవాల?"

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండేది అప్పుడు. పీజీ చేయాలని దాని కోరిక. ఇంట్లోనేమో సంబంధాలు చూస్తున్నారు. నేనిచ్చిన పుస్తకంలో సోక్రటీసు దాకా బాగానే వెళ్లింది. ఎందుకు బాగుండదు? సోక్రటీసు తల్లి ఫెనరీటి మంత్రసాని. తన పనీ అలాంటిదేనని ఆయన చెప్పుకున్నట్టు ప్లేటో రాశాడు. మంత్రసాని బిడ్డను కనదు, కాన్పు చేస్తుంది. అలాగే ఆయన జవాబు చెప్పడు, అడిగి అడిగి ఎదుటివాళ్ల లోపలున్న ఆలోచనను బయటికి తెప్పిస్తాడు. పుట్టిన ఆలోచన గట్టిదో కాదో చూస్తాడు. క్రీస్తుపూర్వం 399లో ఏథెన్సు వాళ్లు ఆయనకు మరణశిక్ష వేసి విషం తాగించారు. ఒక్క పుస్తకమైనా రాయని మనిషిని, అడిగినందుకే చంపారు. ఇదంతా చదివి పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

ప్లేటో దగ్గర నవ్వింది. రాజ్యాన్ని కాపాడే పని ఆడవాళ్లకూ ఇవ్వొచ్చు, అదే చదువు, అదే కసరత్తు వాళ్లకూ నేర్పాలంటాడు ప్లేటో తన 'రిపబ్లిక్'లో. ఆడవాళ్లు వేరు కదా అంటే ఏమంటాడో తెలుసా? బట్టతలవాళ్లు చెప్పులు కుడుతుంటే జుట్టున్నవాళ్లు కుట్టకూడదంటామా అని! తేడా ఉండడం వేరు, ఆ తేడాకు చేసే పనితో సంబంధం ఉండడం వేరు. 2400 ఏళ్ల కిందటి మాట ఇది.

అరిస్టాటిల్ దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేసింది. ప్లేటో దగ్గరే ఇరవై ఏళ్లు చదువుకున్న ఆయన, ఆడవాళ్లకు ఆలోచించే శక్తి ఉంటుంది గానీ దానికి అధికారం ఉండదని రాశాడు. ఆడవాళ్లకు మగవాళ్లకన్నా పళ్లు తక్కువని కూడా రాశాడు. రెండు పెళ్లిళ్లు చేసుకున్నా, ఏ పెళ్లాన్నీ నోరు తెరవమని అడిగి లెక్కపెట్టాలని తోచలేదని బెర్ట్రాండ్ రసెల్ ఆయన్ను ఆటపట్టించాడు.

"అత్తా, ఈయప్ప మనల్ని మనుషుల్లోనే లెక్కేయలా. ఈయప్ప పుస్తకం నేనెందుకు చదవాల?" అంది పిల్ల.

న్యాయమైన ప్రశ్న. ఆమె కోపం కరెక్టే. కానీ ఒకటుంది. కళ్లతో చూసి లెక్కపెట్టాలి, పరీక్షించాలి అన్న అలవాటును ప్రపంచానికి నేర్పినవాళ్లలో ఆ అరిస్టాటిలే ముఖ్యుడు. చేపల్నీ, తేనెటీగల్నీ, కోడిగుడ్డులో పెరిగే పిల్లనూ ఓపిగ్గా చూసి రాశాడు. ఆయన తప్పును పట్టుకోవడానికి పనికొచ్చేది ఆయనిచ్చిన పనిముట్టే! అది వదిలేసుకుంటే నష్టం మనకే. "చదువు, చదివి జవాబు చెప్పు" అన్నాను. జవాబు చెప్పిన ఆడవాళ్లు లేకపోలేదు మరి. ఆ సంగతి నాకు గట్టిగా తెలిసింది జమ్మలమడుగులో.

చిన్నమ్మ ప్రశ్న, రాకుమారి ప్రశ్న

జమ్మలమడుగులో మా చిన్నమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. కళ్లు మసకని చదవదు, నేను చదివితే వింటుంది. ఓ మధ్యాహ్నం ఫ్రాన్సు తత్వవేత్త రెనే డెకార్ట్ గురించి చదువుతున్నాను. అన్నింటినీ అనుమానించి చూద్దాం, అనుమానించడానికి వీల్లేనిది ఏదైనా మిగులుతుందా అని మొదలుపెట్టాడాయన. అన్నీ పోయినా, అనుమానిస్తున్న నేను ఉన్నాను కదా అన్నది మిగిలింది. ఇక అక్కడినుంచి, ఆలోచించే మనసు వేరు, చోటును ఆక్రమించే శరీరం వేరు అని తేల్చాడు. చిన్నమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"అట్లా ఎట్లా అంటాడమ్మీ? నలభై ఏండ్లు రోగుల్ని చూసినా నేను. కొడుకు జాబు రాకుంటే తల్లికి ముద్ద దిగదు. మొగుడు మాటంటే పెండ్లానికి తలనొప్పి. మనసు వేరు ఒళ్లు వేరైతే, బెంగ దానిదైతే జ్వరం దీనికెట్లా వస్తాది?"

పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పితే ఏముందో చెప్పమంటారా? అదే ప్రశ్న! 1643 మే నెలలో డెకార్ట్‌కు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది బొహీమియా రాకుమారి ఎలిజబెత్. వయసు ఇరవై నాలుగు. తండ్రి సింహాసనం పోగొట్టుకుంటే, ఆ కుటుంబం హాలెండులో తలదాచుకుంటోంది. చోటే ఆక్రమించని మనసు, చోటు ఆక్రమించే శరీరాన్ని ఎలా కదిలిస్తుందని అడిగిందామె. తోసేదానికీ తోయబడేదానికీ తాకిడి ఉండాలి కదా అంది. డెకార్ట్ చెప్పిన జవాబు నచ్చక మళ్లీ అడిగింది. మళ్లీ మళ్లీ అడిగింది. ఆయన పోయేదాకా, 1650 వరకూ వాళ్ల ఉత్తరాలు నడిచాయి. మధ్యలో 1645లో ఆమెకు దగ్గు, వదలని జ్వరం పట్టుకుంటే, ఇలాంటి జ్వరానికి ఎక్కువసార్లు కారణం దిగులేనని రాసింది ఎవరనుకున్నారు? మనసు వేరు, ఒళ్లు వేరన్న ఆ డెకార్టే! ఆమెతో జరిగిన చర్చల నుంచే ఆయన ఆఖరి పుస్తకం, మనసులోని ఉద్వేగాల గురించిన పుస్తకం పుట్టింది. 1644లో తన 'తత్వశాస్త్ర సూత్రాలు' గ్రంథాన్ని ఆమెకే అంకితమిచ్చాడు.

ఇప్పటికీ తత్వశాస్త్రంలో తెగని చిక్కుముడుల్లో ఇదొకటి. చిన్నమ్మకు ఆ సంగతి చెబితే, "అంత పెద్ద ప్రశ్నా నేనడిగింది?" అని మురిసిపోయింది. కాస్సేపాగి, "ఆ పాప పేరు పుస్తకంలో ఎంతసేపు వస్తాది?" అంది. చూశాను. ఇరవై పేజీల అధ్యాయంలో నాలుగు వాక్యాలు.

ఇంకో సంగతి. అప్పట్లో పండితులంతా లాటిన్‌లో రాస్తుంటే డెకార్ట్ 1637లో తన మొదటి పుస్తకాన్ని వాడుక భాష ఫ్రెంచిలో రాశాడు. ఆడవాళ్లు కూడా కొంతైనా అర్థం చేసుకోవాలని అలా చేశానని ఒక ఉత్తరంలో చెప్పాడు. 'కూడా' అన్న మాట గుచ్చుకుంటుంది, నిజమే. అయినా తలుపు తీశాడు. తీసిన తలుపులోంచి లోపలికి వచ్చిన మనిషి ఆయన్నే నిలదీసింది!

ఇద్దరు సోఫీలు

పద్దెనిమిదో శతాబ్దంలో రూసో స్వేచ్ఛ గురించి ఎంత గొప్పగా రాశాడో మనకు పరిచయ పుస్తకాలన్నీ చెబుతాయి. 1762లో ఆయన రాసిన 'ఎమీల్'లో సోఫీ అనే అమ్మాయి ఉంది. ఎమీల్ స్వేచ్ఛగా ఎదగాలి. సోఫీ మాత్రం అతన్ని మెప్పించేలా పెరగాలి. ఆడవాళ్ల చదువంతా మగవాళ్లకు అనుకూలంగా ఉండాలంటాడు. దీనికి ఇంగ్లండులో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో గట్టిగా సమాధానం రాసింది. చదువు చెప్పకుండా పెంచి, ఆ తర్వాత తెలివిలేదనడం ఏం న్యాయమని ఆమె వాదన.

జర్మనీలో కాంట్ మరీ విచిత్రం. తల నిండా గ్రీకు పాండిత్యం ఉన్న ఆడది గడ్డం కూడా పెంచుకోవచ్చని 1764లో ఎగతాళి చేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1784లో, సొంత బుద్ధితో ఆలోచించే ధైర్యం తెచ్చుకోండని లోకానికి పిలుపునిచ్చిన చిన్న వ్యాసంలో ఆయనే ఒక మంచి మాట చెప్పాడు. సంరక్షకులమని చెప్పుకునేవాళ్లు మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లందరినీ, నడక బండిలోనే ఉంచి బయట అడుగేస్తే పడతారని భయపెడతారట. నిజానికి రెండు మూడుసార్లు పడితే నడక అదే వస్తుందంటాడు. మనిళ్లలో పిల్లలకు చేయించే మూడు చక్రాల కొయ్య బండి గుర్తు రాలేదూ?

రెండో సోఫీ మన కాలపు పిల్ల. నార్వేలో పిల్లలకు తత్వశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు యూస్టైన్ గోర్డర్ 1991లో 'సోఫీ ప్రపంచం' అనే నవల రాశాడు. పద్నాలుగేళ్ల సోఫీ బడినుంచి వచ్చేసరికి ఉత్తరాల డబ్బాలో చీటీ ఉంటుంది. 'నువ్వెవరు?' అని ఒకటే ప్రశ్న. అక్కడినుంచి గ్రీకుల దగ్గర మొదలై మన కాలం దాకా తత్వశాస్త్ర చరిత్రంతా ఉత్తరాల్లో, కథలాగా నడుస్తుంది. గ్రీకులో 'సోఫియా' అంటే జ్ఞానం. ఫిలాసఫీలో ఉన్నదీ ఆ మాటే. ఒక సోఫీకి మగవాణ్ని మెప్పించడం నేర్పారు. ఇంకో సోఫీని నువ్వెవరని అడిగారు. మధ్యలో 229 ఏళ్లు పట్టింది!

"సహజం అంటే ఏంది మామా?"

మళ్లీ పులివెందుల. ఆ రోజు మా ఆడబిడ్డ ఇంట్లో పెద్దవాళ్లంతా కూర్చున్నారు. సంబంధం మంచిది, ఇక పీజీ మాట వద్దంటున్నారు. మావారూ ఆ మాటే అన్నారు. "ఆడపిల్ల ఎంత చదివినా ఆమె మనసు ఇంటిమీదికే పోతాదిలే. అది సహజం."

పిల్ల గొంతు పెంచలేదు. "సహజం అంటే ఏంది మామా?" అంది. "పుట్టినప్పటినుంచి నన్ను ఇంట్లోనే ఉండమంటిరి. ఇప్పుడు నా మనసు ఇంటిమీదుంటే అది సహజమా, మీరు చేసిందా? ఇంకో రకంగా పెంచి చూసినారా ఎప్పుడైనా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న ఎక్కడిదో నాకు తెలుసు. జాన్ స్టూవర్ట్ మిల్ 1869లో ఆడవాళ్ల అణచివేతమీద రాసిన పుస్తకంలో ముఖ్యమైన వాదన అదే. ఆడవాళ్ల స్వభావం అంటూ మనం చూస్తున్నది పెంపకంతో తయారుచేసింది, ఒకవైపు అణచి ఇంకోవైపు పెంచితే వచ్చింది, అసలు స్వభావమేదో ఎవరికీ తెలియదంటాడు. ఈ మిల్లు మనకు మరీ పరాయివాడు కాదు. మన బ్రౌను కంపెనీ ఉద్యోగిగా ఉన్న కాలంలోనే, 1823లో, లండన్‌లో అదే ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. 1858 వరకూ అక్కడే పనిచేశాడు. మన దేశం మీద పెత్తనం చేసే ఆఫీసులో కూర్చునే స్వేచ్ఛ గురించి ఆలోచించాడన్నది కూడా మరిచిపోకూడదు. తన ఆలోచనల్లో భార్య హారియెట్ టేలర్ వాటా ఎంతో ఉందని ఆయనే చెప్పుకున్నాడు. 1866లో ఆడవాళ్ల ఓటుహక్కు కోసం వచ్చిన అర్జీని పార్లమెంటుకు సమర్పించిందీ ఆయనే.

పెళ్లి మాట ఆగిపోయిందని చెప్పను. పీజీ అయ్యేదాకా వాయిదా పడింది. అదీ సంబంధంవాళ్లు ఒప్పుకుంటేనే అన్నారు, వాళ్లు ఒప్పుకున్నారు. ఆ రాత్రి మావారు నన్నడిగారు, "పిల్లకు నువ్విచ్చిన పుస్తకమేంది?" అని. ఇచ్చాను. ఇప్పుడు ఆయనా చదువుతున్నారు... నెమ్మదిగా!

మీరూ మొదలుపెడతారా?

నాకు పనికొచ్చిన పద్ధతులు చెబుతాను.

నెలకు ఒక్కరే. అందర్నీ ఒకేసారి చదివితే పేర్లు కలగాపులగమవుతాయి. సోక్రటీసుతో మొదలుపెడితే సులువు.

పుస్తకం కొనేముందు ఒక అధ్యాయం తిరగేయండి. ఆ తత్వవేత్త వేసుకున్న ప్రశ్నేంటో మొదటి రెండు పేజీల్లో తెలియకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. ఆయన్ను ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారన్నది ఉంటే అది మంచి పుస్తకం. పొగడ్తలే ఉంటే అది పరిచయం కాదు, సన్మానపత్రం.

కఠినమైన మాట తగిలితే మన ఇంట్లోని వస్తువుతో పోల్చి చూడండి. ప్లేటో చెప్పే 'ఐడియా' నాకు చాలారోజులు కొరుకుడు పడలేదు. ప్రొద్దుటూరు అంగళ్లలో గాజులు చూస్తుంటే అర్థమైంది. మట్టి గాజు, బంగారు గాజు, చిన్నది, పెద్దది... ఒకటి పగులుతుంది, ఒకటి అరుగుతుంది. అన్నింటినీ చూసి 'గాజు' అని గుర్తుపట్టేలా చేసేది ఒకటుందే, అది పగలదు, అరగదు. ప్లేటో దాన్నే అసలు నిజమన్నాడు. నిజమేనా అని మీరు అడగొచ్చు. అరిస్టాటిల్ అడిగాడు!

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమవైపు ఆయనేమన్నాడో రాయండి. కుడివైపు మీరేమంటారో రాయండి. కుడివైపు ఖాళీగా ఉంచొద్దు. 'నాకు నచ్చలేదు, కారణం తెలియదు' అని రాసినా సరే. ఆడవాళ్ల గురించి ఆయనేమన్నాడో పుస్తకంలో లేకపోతే, లేదనే రాసుకోండి. అదీ ఒక సమాచారమే.

ఇంకొకరితో కలిసి చదవండి. తోడికోడలో, పక్కింటి అక్కో, కాలేజీకెళ్లే కూతురో. చదవలేని పెద్దవాళ్లుంటే వాళ్లకు వినిపించండి. మా చిన్నమ్మ ఇప్పుడు స్పినోజా దాకా వచ్చింది. పూట గడవడానికి కళ్లద్దాల గాజు సానబట్టుకుంటూ, పెద్ద విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, తన ఆలోచన తాను చేసుకున్న మనిషి ఆయన. "చేతిలో పనుంటేనే ఆలోచన సాగుతాది, ఆయనకు తెలిసింది" అంది చిన్నమ్మ.

నోటుపుస్తకంలో ఆ నెల కుడివైపు ఆ మాటే రాసి, పక్కన ఆమె పేరు కూడా రాశాను.